తోకలో నిమ్మకాయ

విమానానికి దిష్టి తగులుతుందా?

ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. మల్లికార్జున్‌ని ఒకప్పుడు అడిగి ఉంటే పడీపడీ నవ్వేవాడు. ఇప్పుడు అడిగితే, "మీ వైపు ఎండలెలా ఉన్నాయి?" అని మాట మార్చేస్తాడు.

బహ్రెయిన్‌లో ఉన్నన్నాళ్ళూ ఆయన హిద్ రేవు దగ్గర ఒక క్లియరింగ్ ఆఫీసులో పనిచేశాడు. ఓడల్లో వచ్చే సరుకుకి కావలసిన కాగితాలు చూడటం ఆయన ఉద్యోగం. ఎన్ని కంటెయినర్లు ఆయన సంతకంతో గేటు దాటాయో లెక్కలేదు గాని, ఒక్కదాని తలుపు తీసి లోపలేముందో చూసిన పాపాన పోలేదు. మనిషి స్వతహాగా పుస్తకాల పురుగు. ఏ పనైనా చేయాలనిపిస్తే ముందు దాని గురించి ఒక పుస్తకం చదివేవాడు. చదివాక ఆ పని అయిపోయినట్టే తృప్తిగా ఉండేది. ఈత అలాగే వచ్చింది. అంటే, రాలేదు. అరబ్బీ నేర్చుకుంటానని మొదలుపెట్టి పలకరింపుల దగ్గర ఆగాడు. ఎదుటివాడి కుశలం అడగడం వచ్చింది. అవతలివాడు చెప్పే కుశలం అర్థమయ్యేది కాదు. ముచ్చటపడి కొన్న హార్మోనియం మీద ఉతికిన బట్టలు మడతపెట్టేవారు.

"మీరు మొదలెట్టి పూర్తిచేసింది భోజనం ఒక్కటేనండీ," అనేది ఆయన భార్య హేమావతి. "అందులోనూ మజ్జిగ దగ్గర లేచిపోతారు."

హేమావతి సల్మానియాలో పెద్దాసుపత్రి ల్యాబులో పనిచేసేది. స్వీటు ముట్టుకుని ఏడాదైందని ప్రమాణం చేసే మనుషుల గుట్టు రోజూ రక్తం బొట్టులో చూసే మనిషి. అలాంటి ఆవిడ దగ్గర దాచాలనుకోవడం తెలివితక్కువ పనని మల్లికార్జున్‌కి పెళ్ళైన కొత్తలోనే తెలియాల్సింది.

ఆయన రిటైరైన రోజు ఆఫీసువాళ్ళు ఏం కావాలని అడిగారు. అందరూ గడియారం అడుగుతారు. ఈయన విమానం అడిగాడు.

దానికి కారణం శశిధర్. ఆఫీసులో ఆయన కింద పనిచేసిన ఈ వరంగల్ కుర్రాడు శుక్రవారాలు ఎడారిలో ఒక క్లబ్బు మైదానానికి వెళ్ళి రిమోట్‌తో నడిచే విమానాలు ఎగరేస్తాడు. ఒకసారి సార్‌ని కూడా తీసుకెళ్ళాడు. అక్కడెవరో భోజనాల బల్లంత విమానాన్ని పైకి లేపి, నాలుగు చుట్లు తిప్పి, మెల్లగా దించి ఆపారు. మల్లికార్జున్ చేతిలో టీ ఇంకా చల్లారలేదు. ఈలోపే ఒక పని మొదలై, జరిగి, పూర్తయిపోయింది! ఆయన జీవితంలో అంత చక్కగా ముగిసిన పని చూడలేదు.

"సార్, ఫస్ట్ టైం కదా, థర్మకోల్‌ది చిన్నది తీసుకుందాం," అన్నాడు శశిధర్. "కింద పడ్డా ఏం కాదు."

"పడిపోయేదాన్ని ఎందుకయ్యా కొనడం? పెద్దది చెప్పు."

పెద్దదే వచ్చింది. రెక్కలు విప్పితే ఎనిమిదడుగులు దాటుతుంది. పెట్టెలో మాత్రం విమానమేమీ లేదు. దూదిలాంటి తేలిక చెక్క ముక్కలు కట్టలు కట్టలుగా, ఒక పెట్రోలు ఇంజను, ఒక లావుపాటి పుస్తకం. పుస్తకం చూడగానే మల్లికార్జున్‌కి ధైర్యం వచ్చింది.

గలాలీలో వాళ్ళుండే బిల్డింగుకి వాచ్‌మన్ గంగన్న. నిజామాబాద్ దిక్కు మనిషి. తలకు తువ్వాలు చుట్టుకుని పెట్టె మోసుకుంటూ పైకొచ్చాడు.

"ఏంది సార్ గిది, ఫ్రిజ్జా?"

"విమానం."

"ఎవలిది?"

"నాదే."

గంగన్న పెట్టె దించి ఆయన్ని ఎగాదిగా చూశాడు. "టికెట్ దొరకలేదా సార్?"

ఇక భోజనాల బల్ల మీద విమానం, నేల మీద భోజనాలు. మల్లికార్జున్ పుస్తకాన్ని మొదట ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు. బాగా రాశాడని హేమావతికి కొన్ని పేజీలు పైకి చదివి వినిపించాడు. ముక్కలు మాత్రం పెట్టెలోనే ఉన్నాయి.

"దీన్ని కూడా చదివి ఎగరేస్తారా?" అని అడిగిందావిడ.

ఆ మాట తగిలి, మర్నాడు జిగురు సీసా మూత తీశాడు. వారం తిరిగేసరికి ఆయన చూపుడువేలు, బొటనవేలు, రెక్కలోని ఒక చెక్కా విడదీయరాని బంధువులయ్యాయి. హేమావతి డ్యూటీ నుంచి వచ్చి విడిపించింది. ఇల్లంతా జిగురు వాసన. చారులో ఇంగువ వేసినా తెలిసేది కాదు.

చెక్క అస్థిపంజరం మీద ఎర్రటి ప్లాస్టిక్ పొర పరిచి, ఇస్త్రీపెట్టెతో వేడి చేసి అతికించాలి. వేడికి పొర బిగుసుకుని డోలు చర్మంలా నిలబడుతుందని పుస్తకంలో ఉంది. ఆ ఇంట్లో ఉన్న ఒకే ఒక ఇస్త్రీపెట్టె హేమావతిది. ఒకరోజు పొర కరిగి పెట్టెకి అంటుకుంది. ఆయన గీకి తుడిచానన్నాడు. ఆవిడ పొద్దున్నే హడావిడిగా తెల్లకోటు మీద రుద్దుకుని వెళ్ళిపోయింది. ల్యాబులో కనబడ్డవాళ్ళల్లా "ఎవరి రక్తం?" అని అడిగారట. "మా ఆయన విమానానిది," అని చెప్పిందట. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదట.

ఏసీ గదిలో నిగనిగలాడిన రెక్క బాల్కనీలోకి తేగానే ముడతలు పడేది. గలాలీ సముద్రపు గాలి అలాంటిది. ముడతలు పోయేదాకా మళ్ళీ ఇస్త్రీ. మళ్ళీ బాల్కనీ. పెళ్ళివారి పంచెకి కూడా ఎవరూ అంత ఇస్త్రీ చేసి ఉండరు.

నెలలు గడిచాయి. మార్చి ఆఖరుకి హేమావతి ఉద్యోగం కూడా అయిపోతుంది. ఇద్దరి వీసాలూ ఖలాస్. ఒక శుక్రవారం సాయంత్రానికి టికెట్లు తీశారు. కాకినాడ వెళ్ళిపోతే మళ్ళీ వచ్చే పనిలేదు, అంత విమానాన్ని మరో విమానంలో వేసుకెళ్ళే వీలూ లేదు. ఎగిరితే ఇక్కడే ఎగరాలి. ఒకరాత్రి నేలమీద కంచం ముందు కూర్చుని హేమావతి అంది: "ఏవండీ, ఇదొక్కటి పూర్తిచేయండి. నాకు చూడాలనుంది."

ఎప్పుడూ వెటకారంగా మాట్లాడే మనిషి అలా అనడం అదే మొదటిసారి. ఆ రోజు ఆయన మజ్జిగ పూర్తయ్యేదాకా కూర్చున్నాడు.

చేశాడు. వెళ్ళిపోయే వారంలో, అట్టపెట్టెల మధ్య, ఎర్రటి విమానం నిజంగానే తయారై నిలబడింది. కిందింటి లక్ష్మిప్రసన్న వచ్చి చెంపన చెయ్యి పెట్టుకుంది. "అన్నయ్యగారూ! మీరేనా? ఎంత ముద్దుగా ఉందండీ! బుజ్జి ఏనుగుపిల్లలా ఉంది!"

ఆ మర్నాడు తోక తిప్పే చిన్న మోటారు పనిచేయడం మానేసింది. కొత్తది బిగించాడు. ఆ పై రోజు పైనుంచి డిక్షనరీ జారి రెక్క మీద పడి పొర చిరిగింది. అతికించాడు. తర్వాత ప్రొపెల్లరు వేలు కోసింది.

"దిష్టి సార్," అన్నాడు గంగన్న, కట్టుకట్టిన వేలు చూసి. "గా కిందింటి మేడం కన్ను మంచిది గాదు. నా సైకిలు మంచిగున్నదన్నది, తెల్లారి పంక్చర్."

"సైకిలుకి మేకు దిగింది గంగన్నా, కన్ను కాదు."

"మేకును ఆడ ఎవలు ఏసిన్రు మరి?"

మల్లికార్జున్ నవ్వాడు. నవ్వక తప్పదు. దిష్టి విషయంలో ఆయన పేరు మోసినవాడు. హేమావతి కారు కొన్నప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెడితే, పార్కింగులో నిలబడి ఉపన్యాసమిచ్చాడు. అది చాలక, ఆ యేడు ఉగాదికి తెలుగువాళ్ళంతా కలిసిన హాల్లో మైకు అందుకుని, నిమ్మకాయకి తెలిసిన విద్య ఊరగాయ ఒక్కటేనని చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. హేమావతి కొట్టలేదు. ఆ సంగతి ఆయనకి చప్పట్ల కంటే ఎక్కువ కాలం గుర్తుంది.

గురువారం సాయంత్రం శశిధర్ వచ్చాడు. వచ్చేసరికి హేమావతి విమానం మూత తీసి గుడ్డతో దుమ్ము తుడుస్తోంది. అతను రెక్కల కింద గుర్తుపెట్టిన చోట రెండు వేళ్ళు ఆనించి విమానాన్ని పైకెత్తాడు. ముక్కు కాస్త కిందికి వాలాలట. లోపల బ్యాటరీని ముందుకీ వెనక్కీ జరిపి, చివరికి తక్కెడలా నిలిపాడు.

"పర్ఫెక్ట్ సార్. ఇంక దీని జోలికి పోవద్దు. తోక వైపు కొంచెం బరువు పెరిగినా చేతికి రాదు, మీద పడి చస్తది. అగ్గిపుల్ల కూడా పెట్టొద్దు."

"నేనెందుకు పెడతానయ్యా?" అన్నాడు మల్లికార్జున్.

శుక్రవారం తెల్లారింది. హేమావతి స్నానానికి వెళ్ళింది. శశిధర్ ఇంకా రాలేదు. విమానం ఎర్రగా, నిగనిగలాడుతూ, లోకంలోని కళ్ళన్నీ తన మీదే ఉన్నట్టు నిలబడి ఉంది. మల్లికార్జున్ దాన్ని చూశాడు. కోసుకున్న వేలు చూసుకున్నాడు. మేకును అక్కడ ఎవరు వేశారు? మోటారు, డిక్షనరీ, వేలు. నాలుగోది ఆకాశంలో జరిగితే? హేమావతి ముందు జరిగితే?

ఫ్రిజ్ తలుపు తనంతట తనే తెరుచుకుందని ఆయన తర్వాత చాలాసార్లు తనకి తాను చెప్పుకున్నాడు.

అక్కడ దొరికేవి మన గోలీల్లాంటి నిమ్మకాయలు కావు. పచ్చగా, బత్తాయంత ఉంటాయి. ఒకటి తీసి, మూడుసార్లు తిప్పి, సంస్కృతం రాక మనసులో "ఏమీ కాకూడదు" అనుకున్నాడు. ఎక్కడ కట్టాలి? లారీకైతే ముందు కడతారు. దీనికి ముందు ప్రొపెల్లరు ఉంది, నిమ్మరసం తీస్తుంది. చక్రాల కింద పెడదామంటే హేమావతి వచ్చేస్తుంది. పైన చిన్న మూత తీసి బ్యాటరీ పక్కన పెట్టాడు. శశిధర్ చెప్పిన బరువు సంగతి గుర్తురాక కాదు. సరిగ్గా రెక్కల దగ్గరే పెడితే ఏ వైపూ మొగ్గదని పుస్తకంలోనే ఉంది కదా!

నిమ్మకాయ పుస్తకం చదవలేదు. అది మెల్లగా దొర్లింది. విమానం తోక నేలమీద ఉంటుంది, ముక్కు పైకి ఉంటుంది. బరువు తగ్గడానికని లోపలి అడ్డచెక్కలన్నిటికీ గుండ్రటి రంధ్రాలు కోసింది స్వయంగా మల్లికార్జునే, ఎంతో నున్నగా. ఒక్కో రంధ్రం దాటుకుంటూ నిమ్మకాయ తోకలోకి వెళ్ళి కూర్చుంది. ఆయన చెయ్యి మోచేతిదాకా దూర్చాడు. అందలేదు. విమానాన్ని ముక్కు మీదికి వంచి ఊపాడు. నిమ్మకాయ ఒక రంధ్రం ముందుకి వచ్చి, మళ్ళీ వెనక్కి పోయింది.

"ఏంది సార్, పసిపిల్లగాని లెక్క ఊపుతున్నరు?" గుమ్మంలో గంగన్న. వెనకే శశిధర్. స్నానాల గది తలుపు తీసుకుని హేమావతి.

ముగ్గురి ముందు చెప్పొచ్చు. ఒక్క మాట. ఉగాది హాలు, మైకు, చప్పట్లు అన్నీ ఒక్కసారి కళ్ళముందు నిలబడ్డాయి. "దుమ్ము," అన్నాడు మల్లికార్జున్.

విమానం, గంగన్న శశిధర్ వ్యానులో. సామాను, దంపతులు టాక్సీలో. మైదానం నుంచి అటే ఎయిర్‌పోర్టుకి వెళ్ళిపోవాలి. దారంతా మల్లికార్జున్ వెనక్కి తిరిగి వ్యాను వైపే చూస్తూ కూర్చున్నాడు. ఊరు వదిలి వెళుతున్నందుకు దిగులనుకుని టాక్సీవాడు హిందీ పాట పెట్టాడు.

మైదానంలో క్లబ్బువాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. వాళ్ళలో పెద్దాయన, పాదాల దాకా తెల్లటి థోబ్ అంగీ వేసుకున్న ఒక బహ్రెయినీ, విమానం చుట్టూ తిరిగి బాగుందన్నాడు. మల్లికార్జున్ వేలి కట్టు తడుముకున్నాడు. మళ్ళీ ఇంకొకరు మెచ్చుకున్నారు.

మొదటిసారి శశిధరే ఎగరేయాలని అనుకున్నారు. ఇంజను బుర్రుమంది. ఎర్ర విమానం పరుగెత్తింది, తోక లేచింది, చక్రాలు నేలను వదిలాయి. గంగన్న ఈల వేశాడు. "లేసింది! అమ్మా, లేసింది!" హేమావతి మల్లికార్జున్ మోచెయ్యి పట్టుకుంది. ఆయన ఆవిడ మొహం చూశాడు. అప్పుడు నిమ్మకాయ గుర్తులేదు.

నిమ్మకాయకి ఆయన గుర్తున్నాడు. విమానం ముక్కెత్తింది. ఎత్తినకొద్దీ ఇంకా ఎత్తింది. ఆకాశంలో ఒక్క క్షణం నిలబడి, తల వాల్చి సూటిగా కిందికి వచ్చింది. శశిధర్ లాగాడు. మళ్ళీ ముక్కెత్తింది.

"ఏంది శశి సార్, ఒంటె నడుస్తున్నట్టున్నది?"

"లోపల ఏదో కదుల్తోంది!" శశిధర్ మొహం తెల్లబోయింది. "బ్యాటరీ ఊడిందా? సార్, లోపల ఏముంది? ఏముందో తెల్వకపోతే దింపలేను!"

హేమావతి చెయ్యి ఆయన మోచేతి మీదే ఉంది. విమానం మరోసారి ముక్కెత్తింది.

"నిమ్మకాయ," అన్నాడు మల్లికార్జున్.

"ఏంటి సార్?"

"నిమ్మకాయయ్యా! తోకలో నిమ్మకాయ ఉంది!"

"తోకలో నిమ్మకాయేంది సార్?"

"నేనే పెట్టాను! దిష్టికి! దొర్లుతోంది!"

మైదానం మొత్తం వినబడేలా అరిచాడు. మైకు కూడా అక్కర్లేకపోయింది.

శశిధర్ తర్వాత తిట్టుకున్నాడేమో గాని, అప్పుడు మాత్రం పెదవి కొరికి ముక్కు కిందికి తోశాడు. నిమ్మకాయ ముందుకి దొర్లేలా వాలుగా, వేగంగా తీసుకొచ్చి నేలకి తాకించాడు. విమానం రెండుసార్లు ఎగిరిపడి, ముక్కు ఇసుకలో గుచ్చుకుని ఆగింది. ప్రొపెల్లరు ముక్కలైంది. మిగతాదంతా నిలిచింది.

అందరూ పరుగెత్తారు. గంగన్న విమానాన్ని తలకిందులు చేసి ఊపితే, పచ్చటి నిమ్మకాయ మూతలోంచి దొర్లి ఇసుకలో పడింది.  గంగన్న దాన్ని తీసి తువ్వాలుకి తుడిచాడు.

"దిష్టి ఉండదన్నరు గద సార్?"

"లేదు."

"మరి గిది?"

"అది... ఉంటే పనికొస్తుందని."

బహ్రెయినీ పెద్దాయన సంగతేమిటని అడిగాడు. శశిధర్ కన్ను చూపించి, విమానం చూపించి, నిమ్మకాయ చూపించాడు. పెద్దాయన నవ్వలేదు. "ఐన్," అన్నాడు గంభీరంగా తల ఊపి. ఆ మాటకి కన్ను అని అర్థం. ఆయన కారు అద్దానికి నీలం దిష్టిపూస ఒకటి వేలాడుతోంది.

 మల్లికార్జున్ హేమావతి వైపు చూడకుండా విమానం వైపే చూస్తున్నాడు. శశిధర్ లోపలేమైనా విరిగిందేమోనని, చిన్న మోటార్లు బిగించిన పలక మరలు తీసి ఎత్తాడు. ఎత్తి, అలాగే ఉండిపోయాడు.

పలక కింద, నల్లదారంతో అడ్డచెక్కకి కదలకుండా బిగించిన చిన్న తెల్లగుడ్డ మూట. తెల్లకోటు గుడ్డే. దానికో ఎర్ర మరక కూడా ఉంది.

"సార్... ఇంకో నిమ్మకాయ."

అప్పుడు హేమావతి నవ్వింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక ఇసుకలో కూర్చుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "నేను గురువారమే కట్టానండీ! శశి తూచకముందే. మీకు చెబితే మళ్ళీ ఉపన్యాసం వినాలని చెప్పలేదు."

"తీసేయమంటావా?" అని శశిధర్‌ని అడిగాడు మల్లికార్జున్. 

"మేడందా? వద్దు సార్. దాంతో కలిపే తూచిన. తీస్తే లెక్క తప్పుతది."

కొత్త ప్రొపెల్లరు బిగించారు. ఈసారి విమానం నేల వదిలి, వంకర లేకుండా, ఎడారి మీద వెడల్పాటి చుట్టు తిరిగింది. ఎండలో రెక్క మీద ఒక్క ముడత లేదు. శశిధర్ రిమోట్ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాడు. "ఎడమకి సార్, మెల్లగ. గట్టిగ కాదు. హా, అంతే." ఒక చుట్టు. విమానం ఆయన తిప్పినట్టే తిరిగింది. కాగితాల మీద తప్ప ఆయన మాట విన్న వస్తువు జీవితంలో అదొక్కటే.

"చూశాను," అంది హేమావతి పక్క నుంచి, చాలా మెల్లగా.

రిమోట్ తిరిగి ఇచ్చేస్తుంటే శశిధర్ ఆకాశంలోంచి చూపు తిప్పకుండానే అన్నాడు: "దించడం మాత్రం మీరే దించాలె సార్. ఇంకో రెండు రౌండ్లు కొట్టి మీకిస్తా."

మల్లికార్జున్ తల ఊపాడు. అందరి తలలూ పైకెత్తి ఉన్నాయి. శశిధర్ తల, బహ్రెయినీ పెద్దాయన తల, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకున్న గంగన్న తల. విమానం ఎర్రగా, సూర్యుడి పక్క నుంచి, ఇంకా ఏ తప్పూ చేయకుండా తిరుగుతోంది.

గుమ్మం దగ్గర సెలవు తీసుకోవడంలో మల్లికార్జున్ పేరు మోసినవాడు. "వెళ్ళొస్తాం" అన్నాక అరగంట మాట్లాడేవాడు. హేమావతి లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడేది. ఇప్పుడాయన చెప్పులు విప్పి చేతబట్టుకుని, ఇసుకలో చప్పుడు కాకుండా టాక్సీ వైపు నడిచాడు. వెళ్ళొస్తానని చెబుదామనే నోరు తెరిచాడు. రావడం ఉండదు గదా అనిపించి మూసేశాడు.

హేమావతి వెనకే వచ్చింది. "దించకుండా వచ్చేస్తున్నారేంటండీ?"

"మజ్జిగ దగ్గర లేచిపోవడం నాకు అలవాటేగా."

ఆవిడ ఆయన కంటే ముందే లోపలికెక్కి కూర్చుంది. మల్లికార్జున్ చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి లాక్కున్నాడు. టాక్సీ కదిలింది. మైదానంలో ఎవరూ తల దించలేదు.